అంచు లేని తెలుపు

28 డిసెంబరు 1975, ఆదివారం

కొత్త పుస్తకం. పాతదానిలో ఇంకా పదకొండు పుటలు ఖాళీగా ఉన్నవి. అయినను ఈ విషయానికి వేరొక పుస్తకం అవసరమని తోచింది.

మొన్న మా ప్రెస్సులో ఇద్దరు కంపోజిటర్లను తీసివేశారు. ఊరి వర్తకులు ఈ యేడు క్యాలెండర్లన్నీ శివకాశిలో అచ్చు వేయించుకున్నారు. అక్కడ రంగులు బాగుంటాయట, ధర తక్కువట. ఆ వర్తకుల దుకాణాలలోనే ఈ ఇద్దరూ ఇరవై యేళ్ళుగా ఉప్పూ పప్పూ కొన్నారు. ఆ సంగతి వారిలో ఒక్కరికీ స్ఫురించలేదు. ప్రూఫులు దిద్దేవాణ్ణి గనుక నన్ను ఉంచారు.

ఒకరిని నిందించే ముందు నేనేమి కొంటున్నానో చూసుకోవటం న్యాయం. చూసుకున్నాను. ఒంటిమీది చొక్కా బొంబాయి మిల్లుది. చెప్పులు కంపెనీవి, వీధి చివర ఏసుపాదం చెప్పులు కుడుతూనే ఉన్నాడు. కొబ్బరినూనె డబ్బాలో వచ్చినది. పటమటలో గానుగ ఆడుతూనే ఉన్నది. కనుక జనవరి ఒకటి నుంచి:

1. చేసినవాని ముఖం ఎరిగిన వస్తువునే కొనుట.
2. అట్టిది దొరకనప్పుడు, అది లేకుండా గడచునేమో వారం రోజులు చూచుట.
3. బేరమాడకుండుట.
4. చెల్లెలి కూతురికి ప్లాస్టిక్కు బొమ్మ కాక కొండపల్లి బొమ్మ.
5. బట్టలు: మంగళగిరి పుల్లయ్య.

పుల్లయ్య నేతగాడు. అక్కడి షావుకారు దగ్గర నూలు తీసుకొని కూలికి చీరలు నేస్తాడు. మిగిలిన నూలుతో తువ్వాళ్ళు నేసి, నెలకొకసారి మూట భుజాన వేసుకొని మా ప్రెస్సుకు వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు, షావుకారు నెలకు పదిహేను రోజుల పని కూడా ఇవ్వటం లేదనీ, ఇంకో యేడాది మగ్గం మీద కూర్చుంటానన్న నమ్మకం లేదనీ చెప్పాడు. ఊరినంతా మార్చటం నా వల్ల కాదు. ఒక్క మగ్గాన్ని నిలపటం నా వల్ల కావలెను.

జాబితా నా భార్య మార్తకు చదివి వినిపించాను. అన్నం చల్లారిపోతున్నదన్నది.

4 జనవరి 1976, ఆదివారం

ఆరాధన ముగిసిన వెంటనే బ్యారేజీ మీదుగా బస్సులో మంగళగిరి వెళ్ళాను. పుల్లయ్య ఇల్లంతా కలిపి రెండు గదులు. ముందు గది మధ్య గుంత తవ్వి మగ్గం దించారు. అతడు నేలమీద కూర్చొని కాళ్ళు గుంతలోకి వేలాడేసి నేస్తాడు. భార్య నాంచారమ్మ పక్కనే రాట్నం దగ్గర కండెలు చుడుతున్నది.

నా ఆలోచన చెప్పాను. మా సంఘపు స్త్రీల సమాజంలో ముప్పై ఆరుగురున్నారు. ఈస్టరునాడు అందరూ తెల్లచీరలు కడతారు. ఏటా బజారులో మిల్లు చీరలు కొంటారు. ఈ యేడు ఆ ముప్పై ఆరూ ఇతడు నేయాలి. షావుకారు నూలు కాదు, తన నూలు. కూలి కాదు, తన చీర. అవి అమ్ముడుపోతే మళ్ళీ నూలు కొనుక్కోవచ్చును. ఇక ఎవరి దగ్గరకూ పోనక్కరలేదు.

పుల్లయ్య నేత ఆపాడు.

"షావుకారు తక్కువే ఇస్తాడండీ. కానీ చీరె అమ్ముడుపోకపోతే ఆ బాధ ఆయనది. నాది కాదు."

కట్టుకొనేవారు సిద్ధంగా ఉన్నారని నేనన్నాను.

"వాళ్ళు అడిగారా అండీ?" అన్నది నాంచారమ్మ, తల ఎత్తకుండానే.

"అడిగే వేళకు చీరలుండాలి గదమ్మా."

చీర ఎట్లా ఉండవలెనో పదిహేడు అంశాలతో వ్రాసుకొని వెళ్ళాను. పుల్లయ్య కూడబలుక్కుంటూ చదివి నాలుగో అంశం దగ్గర ఆగాడు.

"అంచు లేకుండానా అండీ?"

"లేకుండా."

"మా ఊరి చీరెకి ముందు అంచు చూస్తారండీ, తర్వాతే చీరె."

కారణం చెప్పాను. మా మందిరంలో పెద్ద అంచుల చీరలవారు ముందు బల్లలలో, సన్న అంచులవారు వెనుక బల్లలలో కూర్చుంటారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అదే జరుగుతుంది. అంచే లేకపోతే ఎవరు ఏ బల్లకు చెందినవారో తెలియదు. పండుగనాడైనా ఆ సమానత్వం ఉండవలెను. పుల్లయ్య సన్నగా గీతంత పెడతానన్నాడు, ఎవరికీ కనిపించదన్నాడు. పంక్తిలో అధికంగా పడిన అక్షరం ఎంత చిన్నదైనా తప్పే. వద్దన్నాను.

11 జనవరి, ఆదివారం

సంఘ పెద్దలు ఏడుగురూ ఒప్పుకున్నారు. పాస్టరు సొలొమోను అయ్యగారు ఈ పనికోసం ప్రార్థన కూడా చేశారు. స్త్రీల సమాజపు అధ్యక్షురాలు, బడిలో హెడ్‌మిస్ట్రెసు సీతారావమ్మగారికి మెట్ల దగ్గర చెప్పాను. "మంచి ఆలోచనండీ, చూద్దామండీ" అన్నారు. దీనిని అంగీకారంగానే తీసుకున్నాను.

13 జనవరి

పుల్లయ్యకు కార్డు వ్రాశాను. పని మొదలుపెట్టవచ్చును.

8 ఫిబ్రవరి, ఆదివారం

మంగళగిరి. ఏడవ చీర మగ్గం మీద ఉన్నది. ఈ సంగతి తెలిసి షావుకారు తన నూలు తిరిగి తీసుకున్నాడట. ఇక తన గుమ్మం తొక్కవద్దన్నాడట. ముప్పై ఆరు చీరల నూలూ మగ్గం తాకట్టు పెట్టి తెచ్చుకున్నాడు పుల్లయ్య. ఈ మాట నాంచారమ్మ చెప్పింది. అతడు చెప్పలేదు.

అతనిలో మార్పు కనిపించింది. నేస్తూ పదం పాడుకుంటున్నాడు. నన్ను చూసి ఆపి, నేసినంత మేర చేత్తో నిమిరాడు.

"పద్దెనిమిదో ఏట కూర్చున్నానండీ ఈ గుంతలో. ఇరవై రోజుల్నించీ నేసిందే నాది. మిగతాదంతా వాళ్ళది."

బయలుదేరే ముందు మళ్ళీ అడిగాడు. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయనీ, ఇప్పటినుంచైనా సన్నంగా అంచు పెట్టనా అనీ. కొన్నింటికి ఉండి కొన్నింటికి లేకపోవటం మరీ అన్యాయం. వద్దన్నాను.

తిరుగు ప్రయాణంలో కృష్ణ నీరు ఎంతో ప్రశాంతంగా కనిపించింది. ఈ యేడు వ్రాసినవాటిలో ఈ పుటే నాకు నచ్చింది.

22 ఫిబ్రవరి

గానుగ నూనె కమురు వాసన వేస్తున్నదని మార్త తలకు రాసుకోవటం మానింది. అలవాటు పడవలెను.

7 మార్చి, ఆదివారం

సైకిలు వెనుక మూట కట్టుకొని చీరలమ్మే నిసార్ అహ్మద్ మా వీధికి వచ్చాడు. మూటనిండా నైలెక్సు చీరలు, మిల్లు నైలాను. మన ఇంట అవసరం లేదని గేటు దగ్గరే పంపివేశాను. పక్కింటి అరుగు మీద మూట విప్పాడు. మార్త కిటికీలోనుంచి చూస్తూ నిలబడింది. చూచుట కొనుట కాదు.

21 మార్చి, ఆదివారం

ఆరాధన తరువాత సీతారావమ్మగారు నన్ను పక్కకు పిలిచారు.

"మీరేమీ అనుకోవద్దండీ. ఆడవాళ్ళందరం కూర్చుని అనుకున్నాం. ఈసారి నైలెక్సు, తెలుపు మీద సన్నపూలు. వారం వారం కొంచెం కొంచెంగా కట్టండన్నాడు నిసార్. ఉతికి ఆరేస్తే అన్నం ఉడికేలోపు ఆరిపోతుందండీ. గంజి లేదు, ఇస్త్రీ లేదు. ఆదివారం పూట కాస్త నడుం వాల్చొచ్చు."

చీరలు నేస్తున్నారని చెప్పాను.

"అయ్యో, అప్పుడే మొదలుపెట్టేశారా?" అన్నారు. ఎవరు నేయించమన్నారని అడగలేదు. అడిగి ఉంటే సమాధానం వెతుక్కొని ఉండేవాణ్ణి.

నా అంచనా ప్రకారం నేటికి ఇరవై ఏడు పూర్తయి ఉంటవి.

22 మార్చి

మంగళగిరి వెళ్ళి చెప్పవలెను.

23 మార్చి

ప్రెస్సులో ఇరవై సూత్రాల పోస్టర్లు. తీరిక లేదు.

25 మార్చి

తీరిక లేదు.

28 మార్చి, ఆదివారం

వెళ్ళలేదు. చెప్పినంత మాత్రాన నేసినది నేయనిది కాదు. పండుగకు ఇంకా మూడు వారాలున్నవి; స్త్రీలు మనసు మార్చుకొనవచ్చును. అర్ధాంతరంగా ఆపివేయించటం తొందరపాటు. ఇది బాగా ఆలోచించి వ్రాస్తున్న మాట.

30 మార్చి

వెళ్ళి స్త్రీల సమాజంలో మాట్లాడమని మార్తను అడిగాను. బియ్యం ఏరుతున్నది.

"ఆ ముప్పై ఆరుమందిలో నేనూ ఉన్నాగా. నన్నడిగారా?"

ఇంట్లో మనిషిని వేరుగా అడగాలా అన్నాను.

"బోర్డింగులో ఏడేళ్ళు కట్టానండీ ఆ గుడ్డ. తెల్లగా, అంచు లేకుండా, అందరికీ ఒకటే. దొరసానమ్మ లెక్కపెట్టి ఇచ్చేది. చర్చికి వరసలో వెళ్తుంటే మిషనువాళ్ళు గుడ్డలిచ్చిన పిల్లలని బజారోళ్ళు నవ్వేవాళ్ళు. పెళ్ళికి మా నాన్న ఎర్రంచు చీరె తెస్తే రెండు రోజులు విప్పలేదు నేను. సమాజంలో సగంమంది ఆ బోర్డింగు పిల్లలే. సీతారావమ్మగారూ అంతే. మీ మగవాళ్ళు ఏడుగురు కూర్చుని మళ్ళీ అదే కట్టమంటే ఎవరు కడతారు?"

ఆమె గొంతు పెంచలేదు. బియ్యం చేటలో నుంచి రాయి ఒకటి తీసి పక్కన పెట్టింది.

పద్దెనిమిది సంవత్సరాల కాపురంలో ఈ సంగతి ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. ఏది ముందో తేలలేదు.

4 ఏప్రిల్, ఆదివారం

నిసార్ అహ్మద్‌ను వీధి మలుపులో ఆపాను. మగ్గాలను పాడుచేసే బట్ట అమ్ముతున్నావన్నాను. అతడు కోపగించుకోలేదు. సైకిలుకు స్టాండు వేసి మర్యాదగా నిలబడ్డాడు.

"మా నాయన కాలం నించీ మంగళగిరి చీరెలే అమ్మామండి మేము. నేనూ ఆరేళ్ళు అమ్మాను. ఈ వీధిలో మూట విప్పటం, మళ్ళీ కట్టుకోవటం. మీరు కొన్నారా ఒకటన్నా? గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడివి కొంటున్నారు, ఇంట్లో అయిదుగురం తింటున్నాం. నేనెక్కడివాణ్ణండి? పటమటవాణ్ణే కదా."

గుర్తు తెచ్చుకున్నాను. కొనలేదు.

అతడు వెళ్ళిన తరువాత మొదటి నియమంలో 'చేసినవాని' అన్న మాట పక్కన 'అమ్మినవాని' అని చేర్చి చూశాను. చేరిస్తే నైలెక్సు కొనవలసి వస్తుంది. కొట్టివేశాను. నియమం సక్రమంగా ఉన్నట్టూ అనిపించలేదు, తప్పుగా ఉన్నట్టూ అనిపించలేదు.

ఈ ఆదివారమూ మంగళగిరి వెళ్ళలేదు.

11 ఏప్రిల్, మట్టల ఆదివారం

జరిగినది క్రమంగా వ్రాస్తాను.

ఆరాధన ముగిసి జనం మట్టలు పట్టుకొని ఆవరణలోకి వస్తుండగా గేటు దగ్గర పుల్లయ్య, నాంచారమ్మ నిలబడి ఉన్నారు. ఉతికిన బట్టలు. అతని భుజాన ఒక మూట, ఆమె నెత్తిన ఒక మూట. పండుగకు వారం ముందుగా ఇవ్వవలెనని పదిహేడు అంశాలలో చివరి అంశం. మాట తప్పలేదు.

వేపచెట్టు కింది బల్ల మీద తువ్వాలు పరచి, దానిమీద ముప్పై ఆరు చీరలూ దొంతరగా పెట్టాడు. పైదానిని విప్పి రెండు చేతులా పట్టుకున్నాడు. ఎండలో అది కళ్ళు చెదిరేంత తెల్లగా ఉన్నది. నేను చదివిన ఏ ప్రూఫులోనూ అంత శుభ్రమైన పుట లేదు.

స్త్రీలు చుట్టూ చేరారు. ముట్టుకున్నారు. ఎంత నున్నగా ఉన్నదో అన్నారు. ఎన్ని రోజులు పట్టిందని అడిగారు. పుల్లయ్య సంతోషంగా చెప్పుకుపోతున్నాడు: ఇది ఎన్నో నంబరు నూలో, గంజి ఎట్లా పెట్టాడో. ఒక్కొక్కరూ ముట్టుకొని, మెచ్చుకొని, మట్ట సర్దుకొని వెనక్కి తప్పుకున్నారు.

"అంచుంటే నేనే రెండు తీసుకునేదాన్నండి" అన్నారు సీతారావమ్మగారు. నిజంగానే అన్నారు.

పుల్లయ్య నా వైపు చూశాడు.

నాంచారమ్మకు అప్పటికే అర్థమైంది. చీర అంచులు కలిపి మడతపెట్టసాగింది. లేని అంచులు, అలవాటు కొద్దీ వ్రాశాను.

పెట్టెలు చేసే అబ్రహాము ముందుకు వచ్చాడు. సంఘంలో ఎవరు పోయినా పెట్టె అతడే చేస్తాడు, నెమ్మదస్థుడు. చీరను బొటనవేలితో రుద్ది చూశాడు.

"పెట్టెలో పరవటానికి బావుంటుందయ్యా. అంచు కత్తిరించే పని కూడా లేదు. నూలు ఖరీదుకిస్తానంటే మొత్తం నేనే తీసుకుంటా."

సహాయం చేయాలనే అన్నాడు. పుల్లయ్యకు మొదట అర్థం కాలేదు. ఏ పెట్టెలోనండీ అని అడిగాడు. ఎవరో చెప్పారు. అతడు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఎక్కడైనా వేరే చోట అమ్మవచ్చునని నేనన్నాను. అప్పుడు నాంచారమ్మ మాట్లాడింది.

"మా వైపు అంచులేని తెల్లచీరె మొగుడు పోయినవాళ్ళకే పెడతారండీ. మంగళగిరిలో ఏ షాపువాడూ లోపలికి రానివ్వడు వీటిని. ఆయన మీకు మూడుసార్లు చెప్పాడు."

మార్త గుంపులోనుంచి వచ్చి ఒక చీర తీసుకొని, కొంగున ముడివేసుకొన్న డబ్బు విప్పి ఇచ్చింది. నా శక్తికి నేను నాలుగు తీసుకున్నాను. ముప్పై ఒకటి మళ్ళీ మూట కట్టారు.

బస్సుస్టాండు దాకా వెంట వెళ్ళాను. బస్సు ఎక్కే ముందు పుల్లయ్య అడిగాడు: "మీకెప్పుడు తెలిసిందండీ?"

"ఇవాళే" అన్నాను.

18 ఏప్రిల్, ఈస్టరు

మందిరంనిండా నైలెక్సు పూలు. మధ్యలో ఒక్క తెల్లచీర. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పక్కన కూర్చోలేదు కూడా. ఇంటికి వచ్చేటప్పుడు మార్తకు కృతజ్ఞత చెప్పబోయాను.

"మీకోసం కాదు. ఆ మనిషి నేసింది ఒక్కరన్నా కట్టాలిగా."

ఇంటికి రాగానే విప్పివేసింది.

9 మే, ఆదివారం

ఈ మూడు వారాలలో వెళ్ళిన చోట్లు: నర్సుల హాస్టలు, రెండు ఆసుపత్రులు, వృద్ధాశ్రమం, ఖాదీ కొట్టు. ఆసుపత్రులవారు ఏడాది బట్ట మిల్లు దగ్గరే తీసుకుంటారట. ఖాదీ కొట్టువారు ఇది ఖాదీ కాదన్నారు. వృద్ధాశ్రమంలో ఉచితంగా ఇమ్మన్నారు.

పుల్లయ్యకు మూడు కార్డులు వ్రాశాను. జవాబు లేదు.

30 మే

బజారులో కొబ్బరినూనె డబ్బా కొన్నాను. మార్త ఆ రాత్రే తలకు రాసుకున్నది.

20 జూన్, ఆదివారం

ఏసుపాదం తల్లి నిన్న పోయింది. ఇవాళ భూస్థాపన. పెట్టె మూసే ముందు అందరితోపాటు నేనూ దగ్గరకు వెళ్ళాను. ముసలామె కింద పరచిన బట్ట చూశాను. ఆ నేత నాకు తెలుసు. ఏ అక్షరం ఏ ఫౌండ్రీ అచ్చో చెప్పగలిగినవాణ్ణి, దీనిని పోల్చుకోలేనా?

సమాధుల దొడ్డి బయట అబ్రహామును అడిగాను.

"నెలయింది, మీ పుల్లయ్య వచ్చి మొత్తం ఇచ్చేసి వెళ్ళాడు. మీకు చెప్పొద్దన్నాడు. బాధపడతారని" అన్నాడు.

4 జూలై, ఆదివారం

మంగళగిరి వెళ్ళాను. ఇక చెప్పి రావలెనని వెళ్ళాను. దారిపొడవునా వాన.

నాంచారమ్మ ఒక్కతే ఉన్నది. షావుకారు ఇంటినుంచి తెచ్చిన నూలు కండెలు చుడుతున్నది. లేచి, పీట వేసి, మంచినీళ్ళిచ్చింది. పుల్లయ్య కొండపల్లి దగ్గర కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నచోట కాంక్రీటు తట్టలు మోస్తున్నాడట. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం పొద్దున్నే పోతాడట. తాపీమేస్త్రీ మంచివాడేనట. చేతులు సిమెంటుకు ఒరుసుకుపోయి అన్నం కలుపుకోలేకపోతున్నాడట. అదేదో ఇతరుల సంగతి చెప్పినట్టు చెప్పింది.

మగ్గం గురించి నేనడగలేదు. ఆమే చెప్పింది.

"చీరెలమ్మిన డబ్బు నూలాయనకి చాల్లేదండీ. మగ్గం విప్పి బండిలో వేసుకెళ్ళాడు."

అప్పుడు నేను, చీరలు వద్దనుకున్నారని నాకు మార్చి ఇరవై ఒకటిన తెలిసిందనీ, మట్టల ఆదివారంనాడు మీకు అబద్ధం చెప్పాననీ అన్నాను. మూడు వారాలు ఎందుకు రాలేదో కూడా చెప్పబోయాను. కారణాలు నాలుగు వరసగా సిద్ధం చేసుకొని ఉన్నాను.

"తెలుసండీ" అన్నది. "ఆ రోజు మమ్మల్ని గేటు దగ్గర చూడగానే మీ మొహంలోనే తెలిసిపోయింది. ఆయనకీ తెలిసింది. ఊరికే అడిగాడు, మీరు చెప్తారేమోనని."

రాట్నం ఆపలేదు.

"అప్పుడే చెప్పుంటే తొమ్మిది చీరెల నూలు విప్పకుండా వెనక్కి ఇచ్చేవాళ్ళం. మగ్గం ఉండేదేమో. ఉండేది కాదేమోలెండి. ఎవరికి తెలుసు."

ప్రెస్సులో తువ్వాళ్ళకు నలుగురిని మాట్లాడతాననీ, ఎక్కడైనా పాత మగ్గం దొరికితే నేనే చూస్తాననీ అన్నాను. ఈసారి ముందుగా అడిగి, సంతకాలు తీసుకొని మరీ వస్తానన్నాను.

ఆమె మొదటిసారి నూలు వదిలి నా వైపు చూసింది.

"మీరు మంచోళ్ళేనండీ. ఇంక మాకోసమని ఏమీ తేవద్దు."

లేచాను. గుమ్మం వైపు తిన్నగా నడవబోతుంటే వెనుకనుంచి పిలిచింది. గది మధ్య నేల అలికి ఉన్నది; ముగ్గు కూడా ఉన్నది.

"అటు అడుగు వెయ్యకండి. గుంత పూడ్చాం కానీ, వానలకి ఇంకా కుంగుతోంది. గోడవార నించి వెళ్ళండి."

గోడవారగా నడచి బయటికి వచ్చాను.